ఏడో పాఠంలో కుక్కరు

మొదటిసారి నేను రాసిచ్చిన డిస్కులో
ఒకటో పాఠం అయిపోగానే పదోది మొదలైందట.
రెండోది పంతొమ్మిది దాటాక గానీ రాలేదట.
ప్లేయరుకి అంకెలు తెలియవు, అక్షరాల వరసే తెలుసు:
ఒకటి, ఒకటి పక్కన సున్నా, ఒకటి పక్కన ఒకటి.
వకుళ ఫోన్లో పగలబడి నవ్వింది.
"కోరికలంటే ఏమిటో చెప్పి
తిన్నగా ఆర్థిక మాంద్యంలోకి తోసేశారండీ!"

ఆ రాత్రే ప్రతి పేరు ముందూ ఓ సున్నా తగిలించాను.
ఎడమ పక్కన సున్నాకి విలువ లేదని
చిన్నప్పుడు బెత్తంతో నేర్పారు.
వరసలో నిలబెట్టింది మాత్రం అదే.

తొండయార్‌పేటలో మేడ మీద గది.
పగలు పార్సిల్ ఆఫీసులో బిల్టీలు రాస్తాను.
రాత్రి తొమ్మిదికి ఫ్యాను ఆపి
కిటికీకి దుప్పటి కట్టి
చెమటలో అర్థశాస్త్రం చదువుతాను.
మైకు మరీ దగ్గరగా ఉంటే
'పెట్టుబడి' అన్న చోటల్లా టపాకాయ పేలుతుంది.

రిచీ స్ట్రీట్‌లో ఖాదర్ మీరాన్ చెప్పిన మాటలు
చీటీ మీద రాసి గోడకి అంటించాను:
యాభై రెండు స్పీడు వద్దు, ఎనిమిదిలో రాయి.
మళ్లీ మళ్లీ రాసే డిస్కు వద్దే వద్దు,
పాత ప్లేయరు కంటికి అది ఆనదు.
చివర్న తలుపు మూయడం మరిచిపోకు.
మీద లేబులు అంటించకు, తిరిగేటప్పుడు వణుకుతుంది.

లేబులు లేకపోతే ఏ డిస్కు ఏదో ఎలా?
కాగితం కవరు అంచున కత్తెరతో గాటు.
మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు.
వకుళ బొటనవేలితో తడిమి
"మూడోది కాస్త వంకరగా కోశారు" అంటుంది.

పోయిన పరీక్షల ముందు నాకు బుద్ధి పుట్టింది.
పాఠాలన్నీ శుభ్రం చేద్దామని.
బస్సు హారను, పూలమ్మి కేక,
కొరుక్కుపేట గేటు దగ్గర రైలు,
ఎదురింటి పంకజమ్మగారి కుక్కరు,
నా దగ్గు, పేజీ తిప్పిన చప్పుడు,
అన్నీ తుడిచేశాను.
మిగిలినదాన్ని సగానికి నొక్కాను,
మూడు డిస్కులు ఒకటిన్నరలో పట్టాయి.
నొక్కితే పోయేది చెవికి తెలియనిదేనని
ఎక్కడో చదివాను.
ఎవరి చెవికో అందులో రాయలేదు.

రెండు రోజులకి ఫోను.
ఈసారి నవ్వలేదు.
"అంతా ఒకే తెల్లకాగితంలా ఉందండీ.
ఏడో పాఠంలో కుక్కరు ఏదీ?"

నాకు అర్థం కాలేదు.

"మూడో కూత తర్వాతే కదా ద్రవ్యోల్బణం నిర్వచనం.
పూలమ్మి వెళ్లాక గిరాకీ రేఖ,
రైలు దాటేలోపు దానికి నాలుగు మినహాయింపులు.
మీరు దగ్గిన చోట పంచవర్ష ప్రణాళికలు.
నా ప్లేయరులో గుర్తు పెట్టుకునే మీట లేదు.
వెనక్కి తిప్పుతూ కుక్కరు వినగానే ఆపేదాన్ని."

చాలాసేపు ఫోను పట్టుకునే ఉన్నాను.
నేను చెత్త అనుకుని ఊడ్చినవి
ఆ పిల్ల పుస్తకంలో మడిచిన పేజీల మూలలు.

పాత ఫైళ్లు ఇంకా చెరపలేదు, అదృష్టం.
రాత్రంతా కూర్చుని మళ్లీ రాశాను,
ఎనిమిది స్పీడులో, మూడు డిస్కులు, నొక్కకుండా కాదు గానీ
కొంచెం చెయ్యి వదులుగా.
తెల్లవారుజామున సరిచూడటానికి ఏడోది పెట్టాను.
కుక్కరు కూసింది. పక్కింటి కుర్రాడు
నిద్రలోనే "పప్పయిందా?" అన్నాడు.

వకుళ పాసైంది. మార్కులు చెప్పలేదు, నేనూ అడగలేదు.
ఇప్పుడు మూడో ఏడాది పుస్తకం.
కిటికీకి దుప్పటి కట్టడం మానేశాను.

కానీ మొన్న జోరువాన వెలిసిన రాత్రి
వీధిలో చీమ చిటుక్కుమనలేదు.
పంకజమ్మగారు ఊళ్లో లేరు.
లాభానికీ మిగులుకీ తేడా వచ్చింది, తప్పకుండా అడిగే ప్రశ్న.
చదివాను. ఆగాను.
ఎంత ఆగినా ఏదీ రాలేదు.
స్టీలు గ్లాసు మీద చెంచాతో ఒక్కటి కొట్టాను.

డిస్కు అందిన రోజే ఫోను చేసింది.
"ఆ గ్లాసు కావాలని కొట్టారు కదూ?"
ఎలా తెలిసిందన్నాను.
"ముందు ఊపిరి బిగబట్టారు."