ఏడు వందల ముప్ఫై ఒకట్లు

సోహార్ స్టీలు యార్డులో నేను టైమ్‌కీపర్ని.
వస్తే ఒకటి, రాకపోతే సున్నా.
శుక్రవారానికీ ఒకటే వేస్తాను,
ఆ రోజుకి జీతం ఉంది గనక.
మెట్‌పల్లిలో పదో తరగతి పిల్లలకి
కారణాంకాలు చెప్పిన చెయ్యి ఇది,
ఊరికే ఉండలేదు.

ఏలేటి లింబాద్రి, స్కాఫోల్డింగు.
అతని వరసలో ఒక్క సున్నా లేదు.
గళ్లు చెరిపేసి చదివితే అదొక సంఖ్య.
పదహారో రోజున కంప్యూటర్ చేతులెత్తేసింది.
పదిహేను అంకెలు దాటాక
మనిషి వచ్చి ఎదురుగా నిలబడ్డా
అది సున్నా అనే రాసుకుంటుంది.
అప్పట్నుంచి లింబాద్రిని
గళ్ల నోటుబుక్కులోకి మార్చాను.

ముప్ఫయ్యో రోజుకి,
ఇంకా మొదటి జీతం పడకముందే,
బాతినా తీరంలో ఇసుకంతా రేణువు రేణువూ లెక్కపెట్టినా
అతని సంఖ్యకి మోకాలి దాకా రాదు.

మొదటి రోజు, ఒకటి.
ప్రధాన సంఖ్యా కాదు, సంయుక్త సంఖ్యా కాదు.
బస్సు దిగి నిలబడ్డవాడు, అంతే.
రెండో రోజు పదకొండు. విరగదు.
ఆ రోజు హెల్మెట్ ఇచ్చారు, తలకి పట్టలేదు.
మూడో రోజుకే
ముప్ఫై ఏడు చొప్పున మూడు ముక్కలయింది.
ఆరో రోజున మూడూ ఏడూ పదకొండూ పదమూడూ ముప్ఫై ఏడూ
క్యాంపు గదిలో ఉల్లిగడ్డ పంచుకున్నట్టు పంచుకున్నాయి.
పంతొమ్మిది విరగదు.
రక్తపరీక్షకి వెళ్లి మోచేతి మడతలో దూదితో వచ్చాడు.
ఇరవై మూడు విరగదు. ఆ రోజు ఏమీ జరగలేదు.
క్రేన్ రాక అందరూ కంటెయినర్ నీడలో కూర్చున్నారు.

తర్వాత రెండు వందల తొంభై మూడు రోజులు
విరుగుతూనే ఉంది.
సరి రోజుల్లో పదకొండు కోసేది,
మూడు రోజులకోసారి మూడు.
మిగతా రోజుల్ని ఏది కోసిందో కనుక్కోవడం
నా వల్ల కాలేదు. కోస్తుందని చదివాను, నమ్మాను.

మూడు వందల పదిహేడో రోజు
కంపెనీ ఒక కాగితం తెచ్చింది.
ఓవర్‌టైమ్ బకాయిలో సగానికి
ఒప్పుకుంటున్నాం, ఇట్లు.
మొదటి సంతకం నాది. పెన్ను కూడా నాదే.
తర్వాత వెల్డర్లు, సిల్హెట్ కుర్రాళ్లు,
మా జగిత్యాల వాళ్లు నలుగురు.
లింబాద్రి కాగితాన్ని వెనక్కి తిప్పి చూశాడు,
అటు ఏమీ లేదు.
"సగమంటే యాడ కోస్తరు సారూ? నేనైతే పూరా చేసిన."
బల్ల మీద పెట్టేసి పైపులెక్కాడు.
సాయంత్రం అతని ఒకటి వేస్తుంటే గుర్తొచ్చింది,
ఈ రోజు అతన్ని ఏదీ భాగించదని.
చెప్పలేదు.
సంతకం పెట్టిన చేత్తో ఏం చెప్తాను?

మర్నాడు సరి రోజు. పదకొండు వచ్చి కోసుకుపోయింది.
ఆ సగం కూడా అతనికి రాలేదు.

ఇవాళ ఏడు వందల ముప్ఫై. కాంట్రాక్టు అయిపోయింది.
సెటిల్‌మెంటు చీటీ కోసం నిలబడి
నోటుబుక్కు చూశాడు.
"నా లెక్క ఎంతకచ్చింది?"
చెప్పాను. పదకొండుకి లొంగుతుంది,
నలభై ఒకటికి, రెండు వందల డెబ్భై ఒకటికి.
వారంలోని ఏడుకి లొంగదు, అయిదు మిగులుతుంది.
మూడుకీ లొంగదు, ఒకటి మిగులుతుంది.
"ఆ ఒక్కటి ఎవలది?"
చీటీ మీద స్టాంపు వేస్తూ కూర్చున్నాను.
"మల్ల ఇరగకుంట ఎప్పుడుంటది?"
వెయ్యిన్నీ ముప్ఫై ఒకటో రోజున. ఇంకా మూడు వందల ఒక్క రోజులు.
అట్లాంటివి మొత్తం ఎన్నున్నాయో
పెద్ద పెద్ద లెక్కల వాళ్లకీ తెలీదు.
నవ్వాడు.
"అందాక మీరే ఉండుండ్రి సారూ."

వ్యాను మస్కట్ రోడ్డెక్కింది.
పొద్దున్నే పుస్తకం తెరిస్తే
అతని పేరు ఇంకా ఉంది, పక్కన కొత్త గడి.
రూలు ప్రకారం సున్నా.
సున్నా వేశానంటే
ఇన్నాళ్లూ అంటుకోలేని రెండూ, అయిదూ కూడా
కత్తులు పట్టుకుని వచ్చేస్తాయి.
గడి వదిలేసి
కింది పేరుకి వెళ్లాను.