నడుమెత్తు కొండ

కొండ సైకిలు కొన్నానని చెబితే
మా సొసైటీ బ్యాంకు క్యాషియరు అడిగాడు:
"కొండెక్కడుందండి మనకి?"

నిజమే.
మా వైపు ఎత్తంటే లాకు తలుపు,
కొబ్బరిచెట్టు మొవ్వు,
బురదలో దిగబడ్డ ఇసుక లారీ.
మిగతా నేలంతా
వడ్డనకి ముందు విస్తరిలా చదును.

అయినా అయిదుగురం పోగయ్యాం.
వెల్డింగు షాపు ఏసురత్నం,
టైలరు మస్తాన్‌బీ కొడుకు కరీముల్లా,
కాలేజీలో జువాలజీ చెప్పే హైమవతి మేడమ్,
రొయ్యల చెరువు కాపలా దిగి
నిద్రకళ్లతో వచ్చే పోతురాజు,
నేను.
ఆదివారం తెల్లారగట్ల అయిదింటికి
లాకుల దగ్గర్నించి పాత తూము దాకా
మూడు కిలోమీటర్ల కాలవగట్టు.

ట్రాక్టరు గాడిలో కప్పలు కాపురముండేవి.
తుమ్మముల్లు మా ట్యూబుల్ని
పేరు పెట్టి పిలిచేది.
పారలు, ఒక గునపం, ఇంటివాళ్లకి చెప్పకుండా తెచ్చిన గమేళాలు.
ఎండ్రకాయ బొరియలు పూడ్చాం;
అవి రాత్రికి రాత్రి తవ్వుకున్నాయి,
వాటికీ ఎవరూ జీతమివ్వరు.

నెల్లాళ్లు ప్రతి గుంటలో మట్టి పోశాం.
ప్రతి వానకీ మట్టి గుంటైంది.

రిటైరైన లస్కరు లోవరాజు
కల్వర్టు మీద చుట్ట కాలుస్తూ
మూడు ఆదివారాలు చూశాడు.
నాలుగోదానికి లేచొచ్చాడు.
"నీళ్ల మీద మట్టేస్తారేంటండి బాబూ,
నీళ్లకి సెలవియ్యాలి గానీ."
పార అంచుతో గట్టుకి అడ్డంగా, కాస్త ఏటవాలుగా
ఒక గీత గీశాడు.
నిలవున్న నీరు తలూపి కాలవలోకి దిగిపోయింది.
మేడమ్ నోటుబుక్కులో రాసుకుంది.
ముప్పైతొమ్మిదేళ్ల తన ఉద్యోగం
అరపేజీ కూడా రాలేదని
అతను తొంగి చూసి నవ్వాడు.

రొయ్యల కంపెనీ షిఫ్టుకి నడిచే ఆడవాళ్లు
మొదట్లో మమ్మల్ని చూసి ముసిముసిగా నవ్వేవారు.
కార్తీకం నాటికి
గట్టెక్కగానే టార్చిలైటు ఆర్పేయడం మొదలెట్టారు.
మాకు దొరికిన సర్టిఫికెట్టు అదొక్కటే.

వేసవిలో తూము పక్కన
పూడిక తీసిన మట్టి మిగిలింది.
కరీముల్లా దాన్ని చెక్కతో కొట్టి, తడిపి, మళ్లీ కొట్టి
కొండ చేశాడు.
నడుమెత్తు.
దాని మీంచి సైకిలు గాల్లోకి లేచినప్పుడు
ఏసురత్నం చిన్నపిల్లాడిలా కేకేసేవాడు.
మేడమ్ చీర కుచ్చిళ్లు దోపి మరీ దూకింది.
నా సైకిలు మాత్రం ప్రతి వారం
దాని పాదాల దగ్గర ఆగి
దణ్ణం పెట్టేది.

ఆగస్టులో
మూడో ప్రమాద హెచ్చరిక.
రాత్రి రెండింటికి పోతురాజు ఫోను:
"ఏటిగట్టుకి ఊట పట్టిందండి. లారీ రాలేదు.
గట్టి మట్టి కావాలి."

గట్టి మట్టి
మా అందరికీ తెలిసింది ఒక్కచోటే.
ఎవరూ ఆ మాట అనలేదు.
కట్టినవాడే మొదటి పార వేశాడు.

యూరియా సంచులు, కొబ్బరితాడు,
సైకిలు నడుం మీద అడ్డంగా బస్తా.
లైట్లు లేవు.
ఎక్కడ వంపో, ఎక్కడ నీటికి సెలవిచ్చామో
టైర్లకి తెలుసు.
లోవరాజు ఊట చుట్టూ బస్తాలు గుండ్రంగా పేర్పించాడు,
నూతికి ఒర కట్టినట్టు.
తెల్లారేసరికి అరవై రెండు.
పోతురాజు ఇప్పటికీ ఎనభై అంటాడు.

వరద తీసింది.
బస్తాల కుట్లలోంచి గరిక మొలిచింది.
తూము పక్కన, కొండ ఉన్నచోట,
బీరువా జరిపాక గచ్చు మీద కనబడే మచ్చలాంటిది
నలుచదరంగా.

ఆదివారం అందరం దాని చుట్టూ నిలబడ్డాం.
ఎవరో చనిపోయినట్టు కాదు గానీ
ఎవరూ సైకిలెక్కలేదు.
"మట్టికేం లోటు,
కాలవ ఏటేటా పూడుద్ది" అన్నాడు లోవరాజు.

గమేళా ఎత్తుకుంటూ
నేనన్నాను:
"ఈసారి
కొంచెం పొట్టిగా కడదామండి."