ముందు వచ్చింది ముందు పోవాలె

సజాల మా గోడౌనుకు కిటికీలు లేవు.
బయట నలభై ఎనిమిది, లోపల ఇరవై నాలుగు.
క్యాంపుల ఏసీ ఆగి ఆగి నడుస్తది,
ఇక్కడిది ఒక్క దినం ఆగలే.
మాస్కులకు ఉక్కపోయొద్దు గద.

ఏడో వరుస, మూడో అర,
నిచ్చెనకు గూడ అందని ఎత్తు.
నూట పన్నెండు పెట్టెలు ఫోర్క్‌లిఫ్టుతోని దించి
ఉమ్మర్ కోయ సారుకు తేదీ చదివి వినిపిస్త:
"పోయిన నెలతోనే అయిపోయింది సార్."

ఆయన ఒకటి తీసి చెవుల దాక గుంజుతడు.
రబ్బరు మళ్ళ వెనక్కి రాదు,
నానిన సేమియా లెక్క వేలాడి
ఆన్నే తెగుతది.
ముక్కుకాడి స్పంజి పట్టీ
వేలికి పసుప్పచ్చ పిండై అంటుతది.
నడిమి గుడ్డ మాత్రం నిన్న నేసినంత తెల్లగ.
"జాలి బాగనే ఉంటది ఎల్లేశం,
మొకానికి పట్టి ఉంచేదే ముందుగాల పోతది"
అంటడు సారు, తన మలయాళపు హిందీల,
ఎంత మాటన్నడో ఆయనకే తెల్వదు.

ఈ పెట్టెలు పైకెక్కించింది నేనే.
ఆ ఏడు లారీలు రాత్రిపూట వచ్చేటివి.
ప్లాస్టిక్కు చుట్టి, కటకటాల తలుపేసి,
కాగితం అతికిచ్చినం:
అత్యవసరానికి మాత్రమే.
పెట్టె పెద్దది, బరువు లేదు,
ఒంటిచేత్తో ఎత్తేటోణ్ణి.

ఎత్తి ఎత్తి రూముకు పోతే
పదకొండో నంబర్ల
ఎనిమిది మందికి ఒకటే మాస్కు.
సబ్బుతోని పిండి ఏసీ జాలికి తగిలిస్తే
తెల్లారేసరికి అప్పడం లెక్క ఎండేది.
బఖాలాకు ఎవరు పోతే ఆ పూట వాళ్ళది.
కింది మంచం పోశాలుది.
దగ్గు ఇనపడొద్దని
దుప్పటి నోట్ల కుక్కుకునేటోడు.
అంబులెన్సు ఎక్కేటప్పుడు
మాస్కు తీసి నా చేతిల పెట్టిండు:
"నాకు అక్కడ ఇస్తరు తియ్,
మీకు కావాలె గద."

ఎవరి అత్యవసరమో
ఆ కాగితం మీద రాయలే.
నేనూ అడగలే.
తాళంచెవి నా నడుముకే ఉండె.

గుల్జమాన్ ట్రక్కు వెనక్కి పెట్టిండు.
చెత్తకు పోయేదానికి గూడ మూడు కాపీలు, మూడు సంతకాలు.
ఎండల నిలబడి లెక్కపెట్టిన,
పెట్టె పెట్టెకు ఎంతమంది ముక్కులో గుణించబోయి
నడుమల ఇడిచిపెట్టిన.

పగటీలికి కొత్త సరుకు దిగింది,
అయిదేండ్ల గడువు.
సారు ఎప్పుడూ చెప్పేదే చెప్తడు:
ముందు వచ్చింది ముందు పోవాలె.
తలకాయ ఊపుత.
పోశాలు నాకంటె నాలుగేండ్లు
ఎనుక వచ్చినోడు.

మళ్ళ ఏడో వరుస, మూడో అర.
ఒక్క పెట్టెకు మాత్రం ప్లాస్టిక్కు చుట్టలే.
కింది అరల, తలుపుకు ఇవతల,
చెయ్యి చాపితే అందేతట్టు పెట్టిన.
పుస్తకంల నూట పదకొండని రాస్తే
సారు అద్దాలు సర్దుకొని
రెండుసార్లు చూసిండు,
పేజీ తిప్పిండు.