చెత్తబండి గొంతు

తీసెయ్యుమని ఎవ్వలూ అనలే.
అది ముందుగాల రాసుకుంట, యాదికుండాలె.
ఫోన్ల ఒక్కటే అడిగిండ్రట:
"ఆ పిలగాడు ఇంకా మీ తాన్నే ఉన్నడా?"
మంచిగనే అడిగిండ్రట, నవ్వుకుంటనే.
మా ఎండీ సారు ఫోన్ పెట్టేసి
సల్లారిన చాయ్ ఒక్క గుక్కల తాగిండు.

నక్కలగుట్టల మూడో అంతస్తు మా చానెల్.
కింద చెప్పుల దుకాణం, మీద వాటర్ ట్యాంకు,
నడుమ మేము పదకొండు మందిమి, రెండు కెమెరాలు,
అండ్ల ఒకటి సగం గుడ్డిది.
రాత్రి తొమ్మిదింటికి ఓదెలు కూసుంటుండె.
ఏనాడూ టై కట్టలే,
పరకాల నుంచి తెచ్చుకున్న యాసకు ఇస్త్రీ చెయ్యలే.
"ఏందక్కా, తిన్నరా?" అని షురూ చేస్తే
కాజీపేట రైల్వే క్వార్టర్లల్ల
గిన్నెలు కడిగే సప్పుడు ఆగేది.

నాది ఎడిటింగు. నా పేరు స్క్రీన్ మీద పడదు.
మాట కంటె ముందు ఊపిరి కనిపిస్తది నాకు,
గ్రాఫుల సన్న గీత లెక్క.
లీడర్ల ఊపిరి కోసేస్త, టైం కలిసొస్తది.
ఓదెలు ఊపిరి ఎన్నడు కొయ్యలే.

ఆ దినం వాన. నాలా పొంగి
సగం బస్తీ మంచాలు నీళ్లల్ల తేలినయి.
మోకాళ్ల దాంక దిగి, తడవకుంట మైకు పైకెత్తి
అడిగిండు ఓదెలు:
"నీళ్లు వాటి తొవ్వల అవి పోతున్నయి.
తొవ్వకు అడ్డం ఈ గోడ ఎవలిది?"
పేరు చెప్పలే. అడిగిండు, గంతే.

గోడలకు చెవులుంటయంటరు.
ఈ గోడకు ఫోన్ నంబరు సుత ఉన్నది.

ముందుగాల సర్కారు యాడ్ల బిల్లు ఆగింది, ఏడు నెలలది.
తెల్లారి కేబుల్ల మా నంబరు
పన్నెండు నుంచి నాలుగు వందల ముప్పైకి జారింది,
భక్తి చానెళ్లకు అవతల,
ఎవ్వలి వేలూ పోని కాడికి.
ఆ తర్వాతనే ఆ ఫోను.
ఖర్చులు తగ్గించుకుంటున్నమని కాయితం ఇచ్చిండ్రు.
తగ్గిన ఖర్చు ఒక్క మనిషి.
ఆ కుర్చీల కొత్త పిలగాడు కూసోని
భూపాలపల్లి ఎండ ఎంత, ములుగు ఎండ ఎంత చదివిండు.

నాకు చెప్పిన పని: పాత ఎపిసోడ్లు తుడిసెయ్యి.
తుడిసిన. ఇది సుత రాసుకుంట.
ఇద్దరు పిల్లలు, స్కూటీ కిస్తు,
సాకులు నాకూ వచ్చు.
ఫోల్డరు ఖాళీ అయితుంటే నీలం గీత నడిసింది,
ఊపిరి గీత లెక్కనే,
గని సప్పుడు లేకుంట.

ఓదెలు ఇప్పుడు ఎనుమాముల యార్డుల
మిర్చి బస్తాల కాంటా రాస్తున్నడట.
దగ్గుకుంట రాస్తడట.
నేను చూడ పోలే.

గని పొద్దుగాల ఆరున్నరకు
మా గల్లీకి చెత్తబండి వస్తది.
రెండేండ్ల కింద కార్పొరేషనోళ్లు
ఐదొందలో ఏమో ఇచ్చి చదివిపిచ్చుకున్నరు గావచ్చు:
"అక్కలూ, అన్నలూ, తడి చెత్త పొడి చెత్త
వేరు చెయ్యుండ్రి."
అదే గొంతు. ఇస్త్రీ లేని అదే యాస.
తొమ్మిదింటికి బందు పెట్టిన గొంతును
సర్కారే డీజిల్ పోసి తిప్పుతున్నది వాడవాడల,
దానికే తెల్వకుంట.

మొదటి దినం తలుపెన్కనే నిలవడ్డ.
ఏది ఉంచాలె, ఏది పారెయ్యాలె,
వేరు చేసుడు నాకంటె బాగ ఎవలికొస్తది?

నిన్న ఎదురింటి లస్మవ్వ
బకెట్ ఎత్తి కుమ్మరిచ్చి, మైకు దిక్కు మొఖం పెట్టి
గట్టిగ అడిగింది:
"ఓదెలూ, ఆ గోడ ముచ్చట ఏమాయెరా?"
తడి చెత్త, పొడి చెత్త, అన్నది మైకు.
"గది కాదురా కొడుకా, గోడ!"

గల్లీ అంత నవ్వింది.
బండి యాకూబ్ నవ్వలే.
అటిటు చూసి, నా చేతుల బకెట్ అందుకుంట
మెల్లగ అన్నడు:
"చిప్పు మార్చుమని ఇంకా ఎవ్వలు చెప్పలేదక్కా.
చెప్పేదాంక
జర పెద్దగ పెడ్త."