గంపలోని గంపలోనిది

ఆ పొద్దు పత్తికొండలో కిలో ముప్పావలా.
ముప్పావలా అనే మాటే చెల్లకుండా పోయి ఎన్నేండ్లో,
టమాటాకు మాత్రం ఇంకా చెల్లుతోంది.

తుగ్గలి రోడ్డు వంకలో సరుకంతా కుమ్మరించి
మద్దిలేటమ్మ మార్కెట్టు గేటుకు తిరిగొచ్చింది.
నిన్న గంపకు పది రూపాయలు కట్టి
తీసుకపోయిన గంపలు ఏడు.
ఇప్పుడు ఒకదాంట్లో ఒకటి, దాంట్లో ఇంకొకటి,
అట్లా దూర్చుకుంటా పోతే
నెత్తిమీద మిగిలింది ఒకటే బరువు.

రశీదుల లాలెప్ప పుస్తకం మీంచి తలెత్తినాడు.
బయటి గంపలోంచి దొంతినంతా ఒక్క చేత్తో ఎత్తి చూపించినాడు.
"దీంట్లో ఉండేది ఇది ఒకటే కదమ్మా."
"దాని లోపల?"
"అది దాని లోపలిది. దీని లోపలిది ఎట్లయితాది?"
"తీసుకపోయేటప్పుడు ఏడని రాస్తివే!"
"అప్పుడు విడివిడిగా ఉన్యాయి."

ఆదోని బస్సు కోసం నిలబడిన నేను
వినకూడదనుకుంటూనే విన్నాను.
ఇరవై రెండేండ్లుగా ఇంటర్ పిల్లలకు
బోర్డు మీద రాస్తున్నది ఇదే:
'చెందుతుంది' అనేది ఒక మెట్టు దాటదు.
మూలకంలోని మూలకం, మూలకం కానక్కర్లేదు.
లాలెప్ప ఏడో తరగతి తప్పినాడు.
ఒక్క మార్కు కోయడానికి లేదు.

"నువ్వు మా పిల్లోని లెక్కల సారువే కదప్పా,
సెప్పు, ఎన్ని?"

ఎన్నంటే ఏం చెప్పను.
అంకెలన్నీ ఖాళీ గంపలతోనే కట్టినారు మద్దిలేటమ్మా.
సున్నా అంటే ఒక ఖాళీ గంప.
ఒకటంటే, ఆ ఖాళీ గంపను పెట్టుకున్న గంప.
రెండు దగ్గర మేస్త్రీలకు తగువొచ్చింది.
ఒకాయన నీలాగే దొంతిలో దొంతి దూర్చుకుంటా పోయినాడు,
ఆయన వెయ్యిలోకి తొంగి చూసినా లోపల ఒకటే.
ఇంకొకాయన వెనకటివన్నీ
ఒక పెద్ద గంపలో పక్కపక్కన పరిచినాడు,
ఆయన వెయ్యిలో వెయ్యీ ఉంటాయి.
ఇద్దరి కూడికలూ సరిపోతాయి, ఇద్దరి హెచ్చవేతలూ.
అసలు వెయ్యి ఏదప్పా అంటే మాత్రం
ఇద్దరూ బీడీ ముట్టించి పక్కకు చూస్తారు.

మొదటాయన పద్ధతిలో
నీ దొంతి ఒకటీ కాదు, ఏడూ కాదు.
ఆరు.
సున్నాకు కూడా ఒక గంప ఖర్చవుతుంది కాబట్టి.

ఇదంతా నేను చెప్పలేదు.
"ఏడేలే అన్నా, రాసుకో" అన్నాను.

ఆయన వినలేదు. దొంతి విప్పమన్నాడు.
ఎర్రమట్టి మీద వరసగా దించుతా పోయింది,
చప్పుడు చేస్తా, కోపంగా.
అన్నిటికన్నా లోపలి గంప అడుగున
నలగని పండు ఒకటి
వెదురు బద్దల సందున ఇరుక్కొని ఉండాది.

"ఇది ఖాళీ గంప కాదు" అన్నాడు లాలెప్ప,
న్యాయంగానే.

నా కాళ్ళ కింద ఏదో కదిలింది.
అది గంప కాదు. దాని లోపల వేరే గంపలు లేవు.
అయినా అది శూన్యం కాదు.
అడుగున ఏమీ లేదనుకుని
మేం ఎత్తుకుంటూ పోయిన మేడంతా
ఇంతసేపూ ఒక్క కాయ మీద నిలబడి ఉండింది.

మద్దిలేటమ్మ కొంగుకు తుడిచి కొరికింది.
రసం గదుమ మీద కారింది, ఒకట్రెండు గింజలు అతుక్కున్నాయి.
"ఇప్పుడు రాయి."

లాలెప్ప అరవై ఇచ్చినాడు.
ఒకదాని అంచు ఇరిగిందంట.
ఆరు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని
ఆమె నా దిక్కు చూసింది.
ముందే తెలిసినవాడి మాదిరి
నేను తల దించుకున్నాను.

బస్సు ఆస్పరి దాటినాక తట్టింది:
ఆ కాయను మార్కెట్టు పుస్తకంలో గానీ
నా పుస్తకంలో గానీ
ఎవరూ రాసుకోలేదు.