తేదీ ముద్ర

కౌంటరు అద్దం మీద, సరిగ్గా నా తలపైన ఒక బోర్డు:
"ఇక్కడ న్యాయసలహాలు ఇవ్వబడవు."
పద్దెనిమిదేళ్లుగా దాని కిందే కూర్చున్నాను.
నా నోటిని కూడా ఆ మేకులతోనే బిగించారు.

అక్టోబరులో వచ్చాడు డేల్ కుయివిలా.
మంచు ఇంకా పడలేదు,
సుపీరియర్ సరస్సు మాత్రం ఇనుపరంగుకు తిరిగింది.
"గని మూసేశారు" అన్నాడు, ఎవరికో జలుబు చేసిందన్నట్టు.
గంటకు ముప్పై ఒక్క డాలర్లు తెచ్చుకున్నవాడు
ఇప్పుడు పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ, పద్నాలుగు.
కూతురికి కట్టే భరణం మాత్రం
ఇంకా పాత జీతాన్నే నమ్ముకుని ఉంది:
నెలకు ఏడువందల నలభై.

ఫారం ఇచ్చాను. ఆరు పేజీలు.
"ఆదాయం మారడానికి కారణం" అన్న గడి దగ్గర
అతని వేలు ఆగిపోయింది.
నాలుగు మడతలు పెట్టి కోటు లోపలి జేబులో దాచుకున్నాడు.
"వసంతానికి మళ్లీ తెరుస్తారంటున్నారు. చూసి తెస్తాలే."

ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది:
నా ముద్ర పడిన రోజునుంచే ఈ కాగితానికి ప్రాణం,
అంతకు ముందు నెలల్ని ఏ జడ్జీ ముట్టుకోడు.
అది సలహానా, సమాచారమా?
నేను తేల్చుకునేలోగా తలుపు మూసుకుంది.

మార్చిలో వచ్చాడు.
అదే కాగితం, మడతల దగ్గర నూలుపోగులా అరిగిపోయి.
మంచుబండి అమ్మి నవంబరు కట్టాడట.
పడవ ఇంజనుతో డిసెంబరు.
తండ్రి వేటతుపాకీ, జనవరి సగం.
ఫిబ్రవరి అలాగే ఉండిపోయింది.
ముద్ర కొట్టాను. మార్చి పదకొండు.
ఐదు నెలలు
ఆ తడి సిరాకు అవతలి ఒడ్డున నిలబడిపోయాయి.

ఆ మధ్యాహ్నమే రోక్సేన్ వచ్చింది,
ఆస్పత్రి లాండ్రీ ఆవిరి ఇంకా జుట్టులో ఉండగానే.
ఆమెదీ అదే ఫారం. పెంచమని.
ట్రుడీ పళ్లకు తీగలు, క్లారినెట్ అద్దె,
శీతాకాలం మింగిన గ్యాసు బిల్లు.
"చెడ్డవాడేం కాదు," అంది పెన్ను అడుగుతూ.
"గని మూసేశారని ఊరంతటికీ తెలుసు.
పిల్ల పళ్లకే ఎవరూ చెప్పలేదు."

కేసు నంబరు ఒకటే. రెంటికీ ఒకే క్లిప్పు పెట్టాలి, రూలు.
తగ్గించమని ఒకటి, పెంచమని ఒకటి.
రెండు చేతిరాతల్లోనూ
ట్రుడీ పుట్టినతేదీ ఒక్కచోటే కొట్టివేత లేకుండా ఉంది.

నిన్న సాయంత్రం,
ముద్రలో తేదీ చక్రం తిప్పబోతున్నాను,
ఎవరో కుర్రాడు, చెప్పుల ఫ్యాక్టరీ బ్యాడ్జీ ఇంకా తీయలేదు,
ఫారం తీసుకుని మడవడం మొదలుపెట్టాడు.
అద్దం చిల్లులోంచి అన్నాను:
"పెన్ను ఇక్కడే ఉంది. కుర్చీ కూడా.
నేను ఐదింటిదాకా ఉంటాను."

అది సలహా కాదు.
పెన్ను గురించిన సమాచారం.