నల్ల కొస

తాళం తిప్పితే టిక్కుమంది. అంతే.
నరీన్‌లో ఉమ్మితే గడ్డకట్టే పొద్దున
కీళ్ళు పట్టేసిన నా పాత లాడా.

గొర్రెల తగువుతో మూడేళ్ళుగా
మొహం చాటేసిన సగిన్‌బెక్
తన బండి తెచ్చి ఎదురుగా ఆపాడు,
ముక్కూ ముక్కూ తగలనంత దూరంలో.

ఎర్రది ముందు చచ్చినదానికి,
తర్వాత బతికున్నదానికి.
నల్లది అతని బ్యాటరీకి.
మిగిలిన నల్ల కొస దగ్గర నా చెయ్యి తడబడింది.

"అక్కడ కాదు బూరుల్, నిప్పురవ్వ లేస్తుంది.
దూరంగా, ఇంజను మీద ఉత్త ఇనుముకి."

మూడేళ్ళకి నా పేరు.

అతని ఇంజను గురగురలాడుతుంటే
చేతులు చంకల్లో దోపుకుని నిలబడ్డాం.
ఐదు నిమిషాలు.
గొర్రెల ఊసు ఎవరూ ఎత్తలేదు.

లాడా దగ్గింది, మళ్ళీ దగ్గింది, అందుకుంది.

తగిలించిన వరస తిరగేసి తీగలు విప్పుతూ
"ఇప్పుడే ఆపెయ్యకు" అన్నాడు.
బండి సంగతే అనుకుంటా.